పొందూరు నూలు

గడచిన సంక్రాంతికి ముందు మేము పండుగబట్టలకై మా పట్టణమందలి యొక పెద్ద వస్త్రశాలకు పోయితిమి. ద్వారముకడనే యొక పలక వ్రేలాడుచుండెను. అచట కొనిన ప్రతి చీరవెలలో కొంతభాగము అనాథబాలలకు ముట్టునట! సంతసించి, "ఎంత భాగము నాయనా? ఏ యాశ్రమమునకు?" అని యడిగితిమి. అమ్మువాడు నవ్వి, "అది కంపెనీవారికే తెలియునమ్మా" యనెను. ఏమియు కొనక మరలితిమి. మా యమ్మాయి మాత్రము అందలి జరీపరికిణీని తలంచుకొనుచు ఇల్లు చేరువఱకు మాటాడలేదు.

ఉపాధ్యాయుని యింట పండుగసొమ్ము పరిమితమే గదా. ఆ కొంచెమైనను ఎవరి చేతికి పోవుచున్నదో కన్నులార చూడవలెనని కోరగా, మావారు సెలవుదినమున మమ్ము రైలుమీద పొందూరునకు తోడుకొనిపోయిరి. ఈ యూరు శ్రీకాకుళము జిల్లాలోనిది. 1949లో స్థాపితమైన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘ మిచట వడుకు స్త్రీల నూలు గైకొని, కూలి చెల్లించి, బట్ట నేయించుచున్నది.

ఒక ముదుసలి యింటి యరుగుపై చాలసేపు కూర్చుంటిమి. ఆమె గింజ నంటియున్న దూదిని వాలుగచేప దవడయెముకతో దువ్వుచుండెను. ఆ సన్నని పండ్లవరుస ఏ కమ్మరియు చేయలేని దువ్వెన! పిదప చెక్కపై ఇనుపకడ్డీ దొర్లించి గింజలు తీయుట, చిన్నవింటితో దూది నేకుట, ఏకులు చుట్టి యెండిన యరటిదొప్పలో దాచుట, తుదకు రాట్నమున వడుకుట. ఆ నూలు 100వ నంబరుదాక సాగును. మా కంటి కానుటయే కష్టమయ్యెను.

"ఇంటిలో మఱియెవ్వరు వడుకుదురు?" అని యడిగితిమి.

"మా కోడలు ముట్టదు తల్లీ. ముట్టి ఏటి సేత్తాది? కూలికెళ్తే ఇంతకన్నా ఎక్కువొత్తాది" అని యామె రాట్న మాపకయే పలికెను.

ధర్మకార్యమునకై వచ్చితిమని లోలోన నున్న గర్వము మాకచటనే దిగిపోయెను. ఆమె కోరునది దానము కాదు, తన పనికి తగిన కూలి. బేరమాడు నలవాటు మాకును కలదు. ఆనాడు మాత్రము నోరాడలేదు.

సొమ్ము రెండింటికే చాలినది: మావారికి పంచె, అత్తగారికి చీర. అమ్మాయి చిన్నబోయిన మొగము చూచి, ముదుసలి అరిగిపోయిన దవడయెముక నొకదానిని దాని చేత బెట్టెను.

ఇంటికి వచ్చిన పిమ్మట తంటా మొదలయ్యెను. చేపయెముక తగిలిన దూది మడికి పనికివచ్చునా యని అత్తగారి సందేహము! మేము వాదింపలేదు. మూడుదినములు ఆ చీర మడతవిప్పకయే యుండెను. భోగినాటి సాయంకాలమున వారే దానిని తడిపి దండెముపై ఆరవేసి, మఱునా డుదయమున కట్టుకొని, "ఇది యింత తేలికగా నున్నదేమే!" యనుచు పొంగలి వండిరి. అమ్మాయి బొమ్మలకొలువులో క్రిందిమెట్టున, కొండపల్లి యేనుగు ప్రక్కను, తన యెముకను నిలిపినది. దానిని అత్తగారు చూచియు చూడనట్లే యూరకుండిరి.