అడవిలో డబ్బింగ్ లేదు!

'ది డీర్ హంటర్' చూశారా? 1978లో వచ్చిన సినిమా. డైరెక్షన్ మైకేల్ చిమినో. ఉత్తమ చిత్రంతో కలిపి అయిదు ఆస్కార్లు ఎగరేసుకుపోయింది. అందులో రాబర్ట్ డి నీరో, అతని మిత్రబృందం పెన్సిల్వేనియాలోని క్లెయిర్టన్ అనే ఉక్కు ఊరి నుంచి జింకల వేటకి బయల్దేరతారు. తీరా కొండమీదికి చేరాక, జాన్ కజాల్ వేసిన పాత్ర బూట్లు మర్చిపోయానంటుంది. డి నీరో దగ్గర ఇంకో జత ఉంది. ఉన్నా ఇవ్వడు! వేటకొచ్చేవాడు తనకి కావలసింది తనే తెచ్చుకోవాలి, అంతే. మొదటిసారి చూసినప్పుడు "అబ్బ, ఏం పొగరు!" అనుకున్నాను. ఆ సీను అసలు విలువ నాకు అర్థమైంది మాత్రం, అదే పెన్సిల్వేనియా అడవిలో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నప్పుడు.

ఎలాగంటారా? చెబుతాను.

మా అక్కా బావా ఉండేది పిట్స్‌బర్గ్ దగ్గర. వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే. మన వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చి దణ్ణం పెట్టుకుపోతారు. వాళ్ళ పక్కింట్లో ఓ పెద్దాయన. ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మా బావ ఆయన్ని "తాతగారూ" అని పిలుస్తాడు. అర్థం తెలుసుకుని ఆయన తెగ సంబరపడ్డాడట. "ఈసారి థాంక్స్‌గివింగ్ అయ్యాక అడవికి వస్తావా? తుపాకీ పట్టక్కర్లేదు, ఊరికే కూర్చో" అన్నాడాయన నాతో. సినిమా పిచ్చోణ్ణి కదా, డి నీరో కళ్ళముందు మెదిలాడు. "ఓ!" అనేశాను.

అక్కడ తుపాకీతో జింకల వేట థాంక్స్‌గివింగ్ వెళ్ళిన సోమవారం మొదలయ్యేది. 2019 నుంచి శనివారమే మొదలవుతోంది. ఆ పెద్దాయన సంగతేమిటంటే, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. "కొండెక్కడం ఇక చాలు" అని డాక్టరు చెప్పేశాడు. అంటే ఆయనకి అదే ఆఖరి సీజను. ఆ ముక్క నాకు ముందు తెలీదు.

నేను చేసిన ఘనకార్యం వినండి. సేల్లో ఓ నైలాన్ జాకెట్ కొన్నాను. నేవీ బ్లూ. నిగనిగలాడుతోంది. అద్దంలో చూసుకుంటే నేనే హీరోలా ఉన్నాను. కింద మామూలు బ్లూ జీన్స్, లోపల కాటన్ బనీను. బయల్దేరేముందు పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఏమీ అనకుండా ఓ నారింజరంగు చేతుల్లేని కోటూ, అదే రంగు టోపీ ఇచ్చాడు. ఆ రంగు అక్కడ చట్టం. తలమీదా, ఛాతీమీదా, వీపుమీదా కలిపి కనీసం 250 చదరపు అంగుళాలు కనబడాలి. లేకపోతే ఇంకో వేటగాడికి మనమే జింకలా కనిపించే ప్రమాదం!

ఉత్తరంగా రెండున్నర గంటల ప్రయాణం, అలెఘెనీ అడవి. తెల్లవారుజామున చీకట్లో నడక. మైనస్ 9 డిగ్రీలు. చలి భయంతో నేను జాకెట్టు మెడదాకా బిగించాను. పెద్దాయనేమో తన ఉన్నికోటు విప్పి వీపున కట్టుకుని, పల్చటి చొక్కాతో నడుస్తున్నాడు. "ఈయనకేమన్నా పిచ్చా?" అనుకున్నాను. పిచ్చి నాకని గంటలో తేలింది. కొండెక్కేసరికి బనీను చెమటతో తడిసి ముద్దయింది. కూర్చోగానే ఆ తడి మంచుగడ్డలా వీపుకి అంటుకుంది. కాటన్‌తో వచ్చే తంటా ఇదే. చెమట పీల్చుకుంటుంది, వదలదు.

తెల్లారింది. హెమ్‌లాక్ చెట్ల మధ్యనుంచి కొమ్ములున్న తెల్లతోక జింక ఒకటి వచ్చి నిలబడింది. దాని చెవులు రెండూ రెండు వైపులకి తిరుగుతున్నాయి. పెద్దాయన తుపాకీ మెల్లగా, చాలా మెల్లగా లేపుతున్నాడు. నా వేళ్ళు కొంకర్లు పోతుంటే జేబులో పెట్టుకుందామని చెయ్యి కదిపాను. గరగర! జేబు మూత లాగాను. చర్ర్‌ర్! అంతే. తెల్లతోక జెండాలా లేచింది. జింక మాయం.

మన సినిమాల్లో అయితే హీరోయిన్ పట్టుచీర ఎంత గరగరలాడినా ఫరవాలేదు, తర్వాత డబ్బింగ్‌లో అన్నీ సర్దుకుంటాయి. అడవిలో డబ్బింగ్ లేదండీ! అక్కడంతా లైవ్ రికార్డింగే, వినేది జింక.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా మొహంలోకి చూశాడు. నేను "సారీ" అనబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. ఒళ్ళు ఆగకుండా వణుకుతోంది. వెంటనే తుపాకీలోంచి గుళ్ళు తీసేశాడు. నా జాకెట్టూ తడి బనీనూ విప్పించి, తన ఉన్నికోటు తొడిగి, దానిమీద ఆ నారింజకోటు వేశాడు. తను పల్చటి చొక్కామీద నా నైలాన్ జాకెట్టు వేసుకున్నాడు, పైన తన నారింజకోటు. నన్ను నడిపించుకుంటూ ట్రక్కు దగ్గరికి తెచ్చి హీటరు వేశాడు. ఆఖరి సీజను, మొదటి రోజు, ఆ పొద్దు మొత్తం నా మూలంగా పోయింది. మాట ముద్దగా రావడం ప్రాణం మీదికొచ్చే గుర్తని తర్వాత చెప్పాడు. "జింక ఇంకోటి వస్తుంది. మీ అక్కకి తమ్ముడు ఇంకొకడు రాడు" అన్నాడు.

డి నీరో బూట్లివ్వలేదు. ఈయన కోటే ఇచ్చాడు!

తిరుగుదారిలో పాఠం మొదలైంది. బట్ట కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని గోరుతో గీకాలట. చప్పుడొస్తే షాపులోనే వదిలెయ్యాలి. ఒంటికి తగిలేది పల్చటి ఉన్నిగానీ, చెమట తొందరగా ఆరిపోయే బనీనుగానీ అయ్యుండాలి. దానిమీద దళసరి ఉన్ని. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకుని కూడా వెచ్చదనం పోగొట్టుకోదు, కొమ్మ తగిలినా కిక్కురుమనదు. నడిచేటప్పుడు తక్కువ వేసుకుని, కూర్చున్నాకే కోటు తొడగాలి. సాక్సు మీద సాక్సు తొడిగి బూటులో కాలు ఇరికిస్తే నెత్తురు ఆడక ఇంకా చల్లబడుతుంది. జేబులో తాళాలూ చిల్లరా వద్దు.

"మరి ఈ నారింజరంగు జింకకి కనబడదా?" అనడిగాను. దాని కళ్ళకి ఎరుపూ నారింజా విడిగా తెలియవట. నీలం మాత్రం బాగా తెలుస్తుందట. అంటే నా జీన్సూ, నా జాకెట్టూ దాని దృష్టిలో సినిమా పోస్టర్లన్నమాట!

ఆయన కోటు ఎరుపూ నలుపూ గళ్ళది. అలాంటి గళ్ళ ఉన్నిబట్టలకి అక్కడి ముద్దుపేరు 'పెన్సిల్వేనియా టక్సీడో'. వాటికి పేరుమోసిన ఊల్‌రిచ్ కంపెనీ 1830 నాటిది. ఆ ఊళ్ళోని మిల్లు 2018లో మూతపడింది. "మిల్లు పోయింది, కోటుంది" అన్నాడాయన, ఉక్కు మిల్లు మనిషి కదా.

మళ్ళీ శనివారం వెళ్ళాం. ఈసారి చనిపోయిన తమ్ముడి గళ్ళకోటు నాకిచ్చాడు. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. జింక వచ్చింది. ముక్కులోంచి ఆవిరి కనబడేంత దగ్గరికి. ఒకే ఒక్క దెబ్బ. అది పడిపోయాక నాకు సంతోషమో దుఃఖమో తెలియలేదు. పెద్దాయన టోపీ తీసి కాసేపు దాని పక్కన మోకాలిమీద కూర్చున్నాడు. లేవడానికి నా చెయ్యి కావలసొచ్చింది. ఆ చలికాలమంతా ఆయన ఫ్రిజ్‌లో ఉన్నది ఆ మాంసమే.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. కనక తుపాకీ ఊసొద్దు. కానీ డిసెంబర్లో లంబసింగి మంచులో పిట్టల్ని ఫొటో తీద్దామని వెళ్ళే కుర్రాళ్ళకి ఈ పాఠం అక్షరాలా పనికొస్తుంది. గరగరలాడే జాకెట్టుతో వెళ్తే ఫొటోలో ఖాళీ కొమ్మే మిగులుతుంది.

అన్నట్టు, తిరిగొచ్చాక మా ఊళ్ళో గొర్రెల కాపరి భుజాన నల్ల గొంగడి చూశాను. వానకీ చలికీ అదే, పడుకుంటే పక్కా అదే. చెవి దగ్గర పెట్టుకుని గోరుతో గీకి చూశాను. చప్పుడు లేదు! నా వాలకం చూసి ఆయన నవ్వాడు. "ఏంటి బాబూ, గొంగడి మాట్లాడుద్దా?" అన్నాడు.

"మాట్లాడదు. అదేగా దాని గొప్పతనం!" అన్నాను.