పిల్లికి లంఖణం పనికిరాదు

మనవాళ్లకు లంఖణం మీద నమ్మకం ఎక్కువ. జ్వరమొస్తే లంఖణం, అజీర్తి చేస్తే లంఖణం, ఏకాదశికి ఎలాగూ ఉపవాసం. మనుషుల సంగతి మనుషుల డాక్టర్లకే వదిలేస్తాను. నేను పశువైద్యుణ్ణి. విశాఖపట్నంలో కుక్కలనూ పిల్లులనూ చూసే చిన్న క్లినిక్ నాది. నాలుగు రోజులుగా ముద్ద ముట్టని పిల్లిని బుట్టలో పెట్టుకొచ్చిన వాళ్లను "ఇన్నాళ్లూ ఎందుకాగారండీ?" అని అడిగితే తరచూ ఒకటే జవాబు వస్తుంది: "దానికి వేషాలెక్కువ డాక్టరు గారూ. ఆకలేస్తే అదే తింటుందిలే అని ఊరుకున్నాం."

కుక్క విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది. పిల్లి విషయంలో చెల్లదు. అలిగిందనో, బెంగపడిందనో, మొండికేసిందనో మనం దానికి ఏ పేరు పెట్టినా, ఆ పేరు చేసే పని ఒక్కటే. ఆగడానికి మనకు ఒక సాకు దొరుకుతుంది. పిల్లికి మాత్రం అంత వ్యవధి ఉండదు.

మధురవాడలో కొత్త ఫ్లాటులోకి మారిన కుటుంబం ఒకటి తమ పిల్లిని తెచ్చింది. గోధుమరంగు మగపిల్లి, ఆపరేషన్ చేయించినది, ఏడు కిలోల పైచిలుకు. గృహప్రవేశం నాడు ఇంటినిండా చుట్టాలు, హోమం పొగ, పిల్లల కేకలు. ఆ రోజు మంచం కిందికి దూరింది, తర్వాత నీళ్లకు తప్ప బయటికి రాలేదు. "కొత్త ఇల్లు కదా, అలవాటు పడుతుంది" అనుకున్నారు. అలా వారం గడిచింది. టేబుల్ మీద పడుకోబెట్టి చెవి మడతపెట్టి చూస్తే లోపలి చర్మం పచ్చగా ఉంది. పెదవి ఎత్తితే చిగుళ్లూ పచ్చనే.

"కామెర్లు" అన్నాను. వెంటనే ఆ ఇంటి పెద్దావిడ, "అయితే పసరు పోయించాలా బాబూ? పథ్యం పెట్టేస్తాం. చేపలూ మాంసం అన్నీ మానిపించి పెరుగన్నం పెడతాం" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. కామెర్లంటే మన ఊళ్లలో అందరికీ తెలిసిన వైద్యం అదే. కానీ ఈ జబ్బుకు మందే తిండి, అదీ మాంసకృత్తులున్న తిండి.

పిల్లి ఒళ్లు మాంసం మీదే నడిచేలా తయారైంది. తిండి దొరకనప్పుడు మన శరీరం ప్రోటీన్ ఖర్చు తగ్గించుకుంటుంది. పిల్లికి ఆ పొదుపు సరిగా చేతకాదు. దాని కాలేయంలో ప్రోటీన్‌ను కరిగించే ఎంజైములు తిండి ఉన్నా లేకపోయినా దాదాపు ఒకే జోరుతో పనిచేస్తాయి. పస్తు మొదలైన కొద్ది రోజులకే ఒంట్లోని కొవ్వు కరిగి, రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. ఆ కొవ్వును మళ్లీ బయటికి పంపడానికి ప్రోటీన్ కావాలి, అది అప్పటికే కరువై ఉంటుంది. దాంతో కొవ్వు కాలేయ కణాల్లోనే పేరుకుపోతుంది. దీన్నే హెపాటిక్ లిపిడోసిస్ అంటాం. కాలేయం మందగిస్తే వికారం పుడుతుంది. వికారంతో పిల్లి తినదు, తినకపోతే ఇంకా కొవ్వు వచ్చి చేరుతుంది. మొదట ఏ కారణంతో తిండి మానిందో ఆ కారణం తీరిపోయినా ఈ జబ్బు తనంతట తాను ఆగదు. బొద్దుగా ఉన్న పిల్లులకే ఈ ముప్పు ఎక్కువ. "ఒంట్లో కొవ్వుంది కదా, నాలుగు రోజులు ఆగగలదు" అనుకోవడం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది.

ఆ పిల్లికి సెలైన్, వికారానికి ఇంజక్షన్ ఇచ్చి ఒళ్లు కాస్త కుదుటపడ్డాక, మత్తిచ్చి మెడ ఎడమ పక్కన చిన్న గాటు పెట్టి ఆహారనాళంలోకి మెత్తటి ట్యూబు దించాను. మెడలో ట్యూబు అనగానే ఇంట్లోవాళ్లు హడలిపోతారు గాని పిల్లి దాన్ని పెద్దగా పట్టించుకోదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు కావాలి. అయితే మొదటి రోజే లెక్క ప్రకారం మొత్తం పోయకూడదు. పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు పడిపోయి గుండెకే ముప్పొస్తుంది. అందుకే మొదటి రోజు మూడో వంతుకు మించకుండా మొదలుపెట్టి, మూడు నాలుగు రోజుల్లో పూర్తి మోతాదుకు వస్తాం.

ఇంటికెళ్లాక ఆ పని కోడలు తీసుకుంది. మెత్తగా కలిపిన తిండిని వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయడం, ముందు కాసిని నీళ్లు, తర్వాత సిరంజితో నెమ్మదిగా తిండి, ట్యూబు మూసుకుపోకుండా చివర మళ్లీ నీళ్లు. రోజుకు నాలుగైదు సార్లు. ఇలాంటి కేసుల్లో గెలిపించేది వాడిన మందుకన్నా ఈ ఓపికే. కొన్ని వారాలకు ఆ ఇంటి నుంచి ఫోనొచ్చింది, గట్టు మీద కడిగి పెట్టిన వంజరం ముక్క ఎత్తుకుపోయిందని. ఫిర్యాదు చేసే గొంతులో అంత సంతోషం నేను అరుదుగా విన్నాను.

సీతమ్మధార నుంచి రిటైర్డు మాస్టారొకరు వచ్చారు. కూతురు చదువుకోవడానికి అమెరికా వెళ్లింది. పిల్లి ఆ అమ్మాయి పెంచినది. "పాప వెళ్లినప్పటి నుంచీ సరిగ్గా తినడం లేదండీ. బెంగ పెట్టుకుంది" అన్నారు. ఆ అమ్మాయి డల్లాస్ నుంచి రోజూ వీడియో కాల్‌లో పేరుపెట్టి పిలుస్తోందట. పిల్లి ఫోను దగ్గరికి వచ్చి వాసన చూసి పోతోందట.

పిల్లులకు బెంగ ఉండదని నేననను. ఉంటుంది. మనిషి వెళ్లిపోయినా, తోటి పిల్లి చచ్చిపోయినా తిండి తగ్గించే పిల్లులను చూశాను. అయినా బెంగ అనే తీర్పును అన్నీ చూశాక చివర రాయాలి, మొదట కాదు. క్లినిక్‌లోనే ఒక పళ్లెంలో డ్రై ఫుడ్ గింజలు పోసి చూశాను. పిల్లి గబగబా వచ్చింది. అంటే ఆకలి ఉంది. ఒక గింజ నోట్లోకి తీసుకుంది, తల ఎడమ పక్కకు వంచింది, గింజ కింద పడేసింది, పళ్లెం మీద బుస్సుమని వెనక్కి పరుగెత్తింది. కుడివైపు కింది దవడలో ఒక పన్ను మొదట్లో చిగురు ఎర్రగా పొంగి పన్ను మీదికి పాకి ఉంది. దూదిపుల్లతో తాకగానే దవడ టకటకా కొట్టుకుంది. పన్ను లోలోపలే కరిగిపోయే జబ్బు అది, పిల్లుల్లో చాలా మామూలు. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి పన్ను తీసేశాక ఆ వారంలోనే తిండికి వచ్చింది. మాస్టారు సంతోషించారు. అయినా వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే పాప మీద బెంగ కాదంటారా?" అని అడిగారు. "అదీ ఉండే ఉంటుంది లెండి మాస్టారూ" అన్నాను.

అలక, బెంగ అనే మాటలకు చోటే లేని కేసులూ ఉంటాయి. పూర్ణా మార్కెట్ దగ్గర పూలు కట్టి అమ్మే ఇంటి నుంచి ఒక కుర్రాడు పిల్లిని సంచిలో తెచ్చాడు. రెండు రోజులుగా వాంతులు, తిండి లేదు, మూల నక్కి కూర్చుంటోంది. ఇలాంటి పిల్లి వస్తే నేను మొదట చూసేది నాలుక కింద. నోరు తెరిచి, గడ్డం కింద రెండు దవడ ఎముకల మధ్య బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేస్తుంది. దాని మొదట్లో తెల్లటి గీతలా దారం కోసుకుపోయి ఉంది. మల్లెదండ దారం. పూల వాసనకో, ఆటకో నమిలింది. ఒక కొస నాలుకకు చుట్టుకుంది, రెండోది పేగుల్లోకి దిగింది.

"లాగేయండి సార్, వచ్చేస్తుంది" అన్నాడు కుర్రాడు. లాగకూడదు. ఒక కొస పైన పట్టు పడి ఉంటే, పేగు దారాన్ని ముందుకు తోయబోయి తానే దాని మీదికి పాకుతుంది. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చిళ్లు పడ్డట్టు పేగంతా కుచ్చుకుపోతుంది. అప్పుడు దారం లాగితే అది రంపంలా పేగును కోస్తుంది. వెనక నుంచి దారం వేలాడుతున్నా అంతే. ఇంట్లో ఎవరూ లాగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి తేవాలి. ఆ పిల్లికి ఆపరేషన్ చేసి పేగులో మూడు చోట్ల తెరిచి దారం తీయాల్సి వచ్చింది. బతికింది. ఇళ్లలో పూజ అయ్యాక దండలు, కుట్టుమిషన్ దగ్గరి దారాలు, గాలిపటాల మాంజా పిల్లికి అందకుండా పారేయమని నేను చెప్పేది అందుకే.

నిజంగానే వేషాలుపోయే పిల్లులు లేవా అంటే ఉన్నాయి. పిల్ల వయసులో ఏ రుచి, ఏ మెత్తదనం అలవాటైతే పెద్దయ్యాక అదే తిండి అని పట్టుబట్టే స్వభావం వాటిది. ఒకే కంపెనీ ట్యూనా పౌచ్ మీద పెరిగిన పిల్లికి, ఆ సరుకు దుకాణంలో అయిపోతే, మరోటి తిండిగానే కనబడదు. అందుకే పిల్లగా ఉన్నప్పుడే డ్రై ఫుడ్, తడి తిండి, ఉడికించిన చికెన్ కొద్దికొద్దిగా అన్నీ అలవాటు చేయాలి. తిండి మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కలుపుతూ వారం పది రోజులు పట్టించాలి. తినదేమోనని పాలల్లో పంచదార కలిపి పెట్టే అమ్మమ్మలున్నారు. పిల్లికి తీపే తెలియదు. తీపిని పట్టే గ్రాహకం తయారుకావడానికి కావలసిన రెండు జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో చూపించారు. పిల్లిని తిండి దగ్గరికి తెచ్చేది వాసన. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన పిల్లి తిండి మానేది అందుకే. ముక్కు శుభ్రంగా తుడిచి, తిండిని గోరువెచ్చగా చేసి పెడితే సగం పిల్లులు తలెత్తి చూస్తాయి.

పిల్లి తినడం మానిన మొదటి పూట ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. ముందు చూడమంటాను. తిండి దగ్గరికి వచ్చి వెనక్కి పోతోందా, అసలు రావడమే లేదా? రావడమే లేదంటే ఆకలి చచ్చింది. వచ్చి పోతోందంటే నోట్లో నొప్పో, వికారమో. పెదవులు నాక్కోవడం, చొల్లు కార్చడం, గిన్నె చుట్టూ నేలను గీరి కప్పిపెట్టబోవడం, ఇవన్నీ వికారం గుర్తులు. మగపిల్లి అయితే మూత్రం పోస్తోందో లేదో తప్పక చూడాలి. ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుంటారు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది రాత్రయినా సరే పరుగెత్తాల్సిన జబ్బు, రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అంతే.

తర్వాత తిండి. వెడల్పాటి పళ్లెంలో, సందడి లేని చోట, ఇసుక ట్రేకు దూరంగా, గోరువెచ్చగా, కొంచెమే పెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా చేపలు ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు పైన చల్లండి. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, మన వంటింటి చికెన్ సూప్ పనికిరాదు. అరగంటలో తినకపోతే తీసేసి మళ్లీ కొత్తగా పెట్టండి. నోరు పెగల్చి కుక్కకండి. వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా పెట్టిన తిండిని పిల్లి గుర్తుపెట్టుకుంటుంది, జబ్బు తగ్గాక కూడా దాన్ని ముట్టదు. ఇష్టమైన తిండిలో చేదు మాత్ర కలిపినా అంతే. ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ మాత్రం ఇవ్వొద్దు. దాన్ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయానికి సరిగా లేదు, ఒక్క మాత్ర చాలు చంపడానికి.

ముసలి పిల్లుల లెక్క వేరు. కిడ్నీలు అరిగిన పిల్లి తిండి తగ్గించడం నెలల తరబడి సాగుతుంది. వికారం తగ్గించే మందు ముందు ఇచ్చి, తర్వాత ఆకలి పుట్టించే మందు ఇస్తాం. మిర్టాజపైన్‌ను చెవి లోపలి వైపు రాసే లేపనంగా అమెరికా ఎఫ్‌డీఏ 2018లో పిల్లులకు అనుమతించింది. ఆ మందు మాత్రల రూపంలోనూ ఉంది, పిల్లి మోతాదుకు తగ్గించి వాడతాం. ఇవన్నీ అయ్యాక కూడా పదహారు పదిహేడేళ్ల పిల్లి మొహం తిప్పుకుంటే, అప్పుడు ట్యూబు మాట నేను ఎత్తను. ఇంట్లోవాళ్లతో కూర్చుని, ఇంక దాన్ని బాధ లేకుండా ఉంచడం ఎలాగో మాట్లాడతాను. ఆగడం తప్పు కాని సందర్భం నాకు తెలిసి అదొక్కటే. అదీ పరీక్షలన్నీ చూశాక తీసుకునే నిర్ణయం, ముందుగా వేసుకునే అంచనా కాదు.

మిగిలిన అన్ని పిల్లులకూ నేను చెప్పే గడువు ఇది. పెద్ద పిల్లి పూర్తిగా ఒక రోజు ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. నెలల పిల్ల అయితే ఒక పూట దాటనివ్వకండి. సగానికి సగం తగ్గించి మూడు రోజులైతే తీసుకురండి. రెండు మూడు పిల్లులున్న ఇంట్లో ఒకే గిన్నె పెడితే తిననిదెవరో తెలియదు కాబట్టి గిన్నెలు వేరు చేయండి. వారానికోసారి పిల్లిని ఎత్తుకుని బరువు చూసుకుని, దించేసి మీ బరువు చూసుకుని తేడా రాసి పెట్టుకోండి. ఆ గడువులోపల దాన్ని అలకనండి, బెంగనండి, వేషాలనండి, నాకేం అభ్యంతరం లేదు. గడువు దాటాక మాత్రం దాన్ని జబ్బు అనే అనుకోండి. తీరా వచ్చాక ఏమీ లేదని తేలితే మీకు పోయేది నా ఫీజు మాత్రమే.