మాధవాయపాలెపు రేవు – రెండు వంశవృక్షములు

గడచిన కార్తికమాసమున నేనును మా అమ్మాయియు రాజోలునుండి నరసాపురమునకు పయనమైతిమి. వశిష్ఠ దాటుట మాకు క్రొత్త కాదు. చీరల కొరకో, బంధువుల శుభకార్యములకో ఏటేట దాటుచునే యుందుము. ఈ మారు మాత్రము నా చేతిసంచిలో ఒక పాత జమాఖర్చుల పుస్తకమును, మా అత్తవారి వంశవృక్షపు నకలును ఉండెను. ఆ రెంటిలో ఏది సత్యము చెప్పుచున్నదో తేల్చుకొనుటకే ఆ ప్రయాణము.

ఆ వంశవృక్షమును కీర్తిశేషులైన మా మామగారు స్వహస్తముతో పెద్ద కాగితముపై వ్రాసి, అద్దము కట్టించి చావడిలో వ్రేలాడదీసిరి. దస్తూరి ముత్యములవలె నుండును. ఎనిమిది తరముల పురుషుల పేర్లు కొమ్మలు కొమ్మలుగా వ్రాయబడినవి. స్త్రీ పేరు ఒక్కటియు లేదు. కాపురమునకు వచ్చిన నాటినుండి ఆ సంగతి నాకు తెలియును గాని, లోకమున అందరి యిండ్లలోను అట్లే యుండును గదా యని ఊరకుంటిని.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఆ పటము క్రింద కూర్చుండి, వ్రేళ్లు మడిచి లెక్క వేసి, "అమ్మా, ఈ తాతగారు పుట్టునప్పటికి వారి నాన్నగారికి డెబ్బది రెండేండ్లా?" అని యడిగినది. నేను నవ్వితిని. తరువాత లెక్క చూచితిని. నిజముగనే డెబ్బది రెండు! మావారు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువారే గాని, తండ్రిగారి వ్రాతయందు తప్పుండునని వారికి తోచలేదు. "పూర్వులు దీర్ఘాయుష్మంతులు" అని యూరకొనిరి. మా అత్తగారు మాత్రము ఊరకొనలేదు. "తప్పు పేరుతో తర్పణము విడిచితిమేమో చూడవే" అని నా వెంటబడిరి. ఆమె కన్నులలో నీరు చూచిన పిమ్మట ఈ పని నాకు ఆటగా తోచలేదు.

సోదరీమణులారా, మన యిండ్లలో ఇట్టి తప్పులు పుట్టుటకు రెండు త్రోవలున్నవి. తాత పేరు మనుమనికి పెట్టుట మొదటిది. ఒకే పేరు తరము విడిచి తరము వచ్చుచుండుటచే, నకలు వ్రాయువాడు కన్ను మూసి తెరచునంతలో ఇరువురు ఒక్కరగుదురు, నడుమనున్నవాడు మాయమగును. రెండవది సంవత్సరముల పేర్లు. మా జమాఖర్చుల పుస్తకమున జననమరణములు వ్రాసినవారు ప్రజోత్పత్తి యనియు, వికారి యనియు, స్వభాను వనియు వ్రాసిరే గాని శకాంకము వేయలేదు. సంవత్సరములు అరువదియే గదా! ప్రజోత్పత్తి 1811లో వచ్చినది, 1871లో వచ్చినది, 1931లో వచ్చినది, 1991లో మరల వచ్చినది. వ్రాసినవారికి సందేహము లేదు, చదువువారికే చిక్కు.

సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. పంటుపై మోటారుబండ్లు, కొబ్బరికాయల గోనెలు, కళాశాలకు పోవు పడుచులు, ఒక మేకల మంద. వశిష్ఠ నిండుగా, నెమ్మదిగా నుండెను. మేము వెదకుచు పోవుచున్నది ఒక పుట్టినింటిని. మా వంశవృక్షమున డెబ్బది రెండేండ్లకు పుత్రవంతుడైనట్లు కనబడు పెద్దగారి భార్య నరసాపురపు ఆడపడుచని మా అత్తగారు వినియుండిరి. ఆ యింటివారు నేటికిని అచటనే యున్నారు. వారు మధ్యాహ్న భోజనానంతరము రమ్మని చెప్పియుండుటచే, నడుమ మాకు రెండు మూడు గంటల కాలము చిక్కినది. మాధవాయపాలెము చూచి రండని మావారు చెప్పియుండిరి. అచటికి పోయితిమి.

నరసాపురమున కంటియున్న ఈ పాలెమును ఐరోపావారు మడపోలమని పిలిచెడివారు. ఆ పేరుతో నొక నూలుబట్టయే వారి దేశములలో ప్రసిద్ధి కెక్కినది. ఇంగ్లీషు కంపెనీవారు పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇచట వర్తకశాల పెట్టిరి. చెన్నపట్టణపు కోటకు అధిపతియైన స్ట్రేన్‌షాం మాస్టరు 1679లో ఇచటికి వచ్చి చూచి పోయెను. నరసాపురమున నాడు ఓడలు కట్టెడివారు. నేను నిలిచిన చోట ఆనాటి జాడ యేదియు నా కంటబడలేదు. గట్టుమీద వలలు ఆరవేసియుండెను. అరుగులపై కూర్చుండి స్త్రీలు లేసు అల్లుచుండిరి. ఆ నరసాపురపు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినదని చదివితిని. అల్లువారి కూలి ఎంత పెరిగినదో అది వారే చెప్పవలెను.

ఈ రేవుల వర్తకమంతయు చెన్నపట్టణపు కోటకు లోబడి యుండెడిది. ఆ కోటకు 1687 మొదలు 1692 వరకు అధ్యక్షుడైనవాడు ఎలిహు యేల్. అమెరికాలోని సుప్రసిద్ధమైన యేల్ విశ్వవిద్యాలయమునకు ఆ పేరు ఈయన వలననే వచ్చినది. 1718లో ఆయన న్యూ హేవెను పట్టణపు విద్యాశాలకు తొమ్మిది మూటల సరకులను, 417 పుస్తకములను, ఇంగ్లండు రాజు చిత్తరువును పంపెను. ఆ మూటలలో కాలికోలును మస్లినులును గలవు. సరకులమ్మగా వచ్చిన సొమ్ము ఐదువందల అరువది పౌనులకు పైబడినది. దాత మంచివాడా యనిన ఆ ప్రశ్నకు ఉత్తరము సులభము కాదు. ఆయన అధ్యక్షత వహించిన సభయే ఐరోపాకు పోవు ఓడలపై బానిసలను ఎక్కించి పంపుటకు ఉత్తరువు లిచ్చినది. సొంత వర్తకము విషయమై నిందలు వచ్చి ఆయన పదవి పోయినది.

నాకు కావలసినది ఆయన వంశవృక్షము. ఇంతటి ప్రసిద్ధుని పుట్టుక విషయమునను పెద్దలు తప్పు వ్రాసిరి. పూర్వము అమెరికాలో అచ్చైన చరిత్రకోశమున ఆయన 1648లో న్యూ హేవెను చెంత జన్మించెనని యున్నది. న్యూ హేవెనున స్థిరపడిన థామస్ యేల్ కుమారుడని కొందరు తలచిరి. విద్యాశాల న్యూ హేవెనున నున్నది, యేల్ వంశీయులు ఆ ప్రాంతముననే యున్నారు. కావున దాతయు అచటనే పుట్టియుండును! ఎంత సహజమైన యూహ! అయినను తప్పు. ఆయన పుట్టినది బోస్టనున, 1649 ఏప్రిలు 5వ తేదీన. తండ్రి డేవిడ్ యేల్. థామస్ ఆయనకు పినతండ్రి. అమెరికాలోని యేల్ వంశీయులు ఆ పినతండ్రి సంతతివారు. ఎలిహు సంతతి అచట లేనేలేదు. ఆయనకు మూడేండ్లు వచ్చునప్పటికే తలిదండ్రులు ఇంగ్లండునకు మరలిపోయిరి.

ఈ చిక్కును విడదీయు దారము వారి నాయనమ్మ చేతిలో నున్నది. ఆమె పేరు ఆన్. చెస్టరు పట్టణపు బిషప్పు జార్జి లాయిడ్ కుమార్తె. మొదట థామస్ యేల్‌ను వివాహమాడి ఇరువురు కొడుకులను, ఒక కూతురును కన్నది. భర్త పోయిన పిమ్మట థియోఫిలస్ ఈటన్‌ను వరించినది. ఆ ఈటన్ 1637లో సంసారముతో, సవతిబిడ్డలతో సముద్రము దాటి, మరుసటి యేడు న్యూ హేవెనును స్థాపించిన వారిలో ముఖ్యుడాయెను. యేల్ పేరు ఈటన్ ఇంటిలోనికి ఎట్లు వచ్చినదో ఆమెను విడిచినచో బోధపడదు. పెద్దకొడుకు డేవిడ్ బోస్టనునకు తరలిపోగా, చిన్నవాడు థామస్ న్యూ హేవెనున నిలిచెను. శిశువులకు బాప్తిస్మ మిచ్చుట తగదన్న ఆన్‌ను 1645లో సంఘమువారు వెలివేసిరి. ఆమె కూతురు మతి చెడినది. చదువుటయందును వ్రాయుటయందును మునిగిపోవుటయే అందులకు కారణమని మసచూసెట్సు అధిపతి విన్‌త్రాప్ దినచర్యలో వ్రాసికొనెను. జమాఖర్చుల పుస్తకము చంకబెట్టుకొని తిరుగుచున్న నేను ఆ మాట చదివి కొంచెము జంకితిని!

పేర్ల చిక్కు వారికిని మనకున్నట్లే యున్నది. ఎలిహు ముత్తాత డేవిడ్, తాత థామస్, తండ్రి డేవిడ్, పినతండ్రి థామస్, కొడుకు డేవిడ్. సంవత్సరపు చిక్కును గలదు. 1752 వరకు ఇంగ్లండున నూతనసంవత్సరము మార్చి 25న ఆరంభమయ్యెడిది. ఎలిహు చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమున 1680 నవంబరు 4న కేథరిన్ హిన్మర్స్ అను వితంతువును వివాహమాడెను. ఆ దేవాలయపు పుస్తకమున కెక్కిన మొదటి పెండ్లి అదియే. వారి పసికొడుకు డేవిడ్ మరణించిన జనవరి నెల మనకు 1688, నాటివారికి 1687. ఆ బాలుని సమాధి చెన్నపట్టణమున నున్నది. ముగ్గురు కుమార్తెలు మిగిలిరి. భార్యతో ఆయనకు పొత్తు చెడినది. మరణశాసనపు ప్రతిలో ఆమెను దుష్టురాలని పేర్కొని, ఆమెకు విడుచు సొత్తు వ్రాయవలసిన చోట ఖాళీ విడిచెనని చెప్పుదురు.

రాజులకు సయితము ఈ బాధ తప్పలేదు. మన తూర్పు చాళుక్యులలో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అను పేర్లు ఎన్ని మారులు మరలి వచ్చినవో! గౌతమి కావలి గట్టుననున్న కోరుమిల్లిలో దొరికిన రాజరాజనరేంద్రుని తామ్రశాసనమున ఆయన పూర్వులు వరుసగా చెప్పబడిరి. అందు రాజు తల్లి కుందవ చోళరాజపుత్రి యనియు గలదు. ఆ వంశపు ఇంద్రరాజు ఏడు దినములే రాజనియు శాసనములు విడువక లెక్క వ్రాసినవి. అయినను నరేంద్రమృగరాజని పేరుగన్న రెండవ విజయాదిత్యుని పాలన ఒక శాసనమున నలుబదియెనిమిది యేండ్లు, మరియొకట నలుబదినాలుగు, వేరొకట నలుబది. ఫ్లీటు అను పండితుడు 1891లో శాసనములన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి కాలనిర్ణయము చేసెను. ఒక్క ఆకు చాలదు, రెండవది కావలెను. ఆ రెండవ ఆకు కొరకే మేము నరసాపురపు వీధిలో ఇల్లు వెదకుకొనుచు పోయితిమి.

ఇంటి పెద్దమ్మగారికి ఎనుబదియైదేండ్లు దాటినవి. మా పేరు చెప్పగనే, "మేనల్లుడి వారా! రండమ్మా" అనిరి. ఏ మేనల్లుడని నేనడుగునంతలో అటకమీది పెట్టెలోనుండి గుడ్డలో చుట్టిన తాటాకులను, ఒక పాత కాగితపు కట్టను దింపించిరి. వారింట అందరికి తెలిసిన కథ మా యింట ఎవ్వరికిని తెలియదు.

మా పుస్తకమున, "వికారి కార్తికమున దంపతులు కోరంగిలో గతించిరి" అని యొక్క పంక్తి యున్నది. మా మామగారు ఆ వికారిని 1899గా గ్రహించిరి. అపుడు ప్రజోత్పత్తిలో, అనగా 1811లో పుట్టిన పెద్దగారికి ఎనుబదియెనిమిదేండ్ల ఆయువు వచ్చినది. స్వభానువులో, అనగా 1883లో పుట్టినవారు ఆయన కొడుకైరి. కాని వికారి 1839లోను వచ్చినది. ఆ యేటి నవంబరు 25న కోరంగిని సముద్రము ముంచెత్తినది. ఆ దినము కార్తిక బహుళమే. ఆ దంపతులు బంధువుల పెండ్లికి కోరంగి పోయిరి. మూడేండ్ల పసివానిని అమ్మమ్మగారి యొద్ద నరసాపురమున విడిచి పోయిరి. తిరిగి రాలేదు.

ఆ పసివానిని మేనమామలు పెంచిరి. దుర్ముఖి, అనగా 1836లో పుట్టినట్లు వారి తాటాకున నున్నది. అతనికి చదువు చెప్పించిరి, పెండ్లి చేసిరి. రౌద్రిలో, అనగా 1860లో, కలిగిన కొడుకునకు ఆచారము ప్రకారము తాత పేరు పెట్టిరి. ఆ కొడుకు పెద్దవాడై పిత్రార్జితమైన భూమిని చూచుకొనుటకు ఏరు దాటి రాజోలు ప్రాంతమునకు తిరిగి వచ్చెను. పేరు తాతదే, ఇల్లు తాతదే, భూమి తాతదే. కాగితమున తాతయు మనుమడును ఒక్కరైరి. నడుమ నరసాపురమున పెరిగినవాడు జారిపోయెను. 1883లో పుట్టినవారికి తండ్రి ఈ మనుమడు. డెబ్బది రెండేండ్లు ఇరువది మూడైనవి!

మా మామగారి తప్పేమున్నది? తద్దినమున తండ్రి, తాత, ముత్తాత యను మూడు పేర్లే చెప్పుదురు. స్త్రీలకును తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. మా మామగారి తర్పణమున ఆ మనుమడే మూడవవాడు. పసితనమున తలిదండ్రులను పోగొట్టుకొన్నవాడు నాలుగవ తరము. వాక్కు నుండి దాటిపోయినవాడు. తర్పణమున తప్పు పేరేదియు పలుకబడలేదని తెలిసి, ఫోనులోనే మా అత్తగారు దీర్ఘముగా నిట్టూర్చిరి. వెంటనే, "మరి ఆ కోరంగి అమ్మ పేరేమిటే?" అని యడిగిరి.

పెద్దమ్మగారి తాటాకులలోను ఆడువారి పేర్లు లేవు. "వ్రాతలో లేకున్ననేమి అమ్మాయీ, నోట నున్నవి" అని ఆమె కన్నులు మూసికొని, బొటనవ్రేలితో కణుపులు లెక్కించుచు, కోడండ్రను, ఆడపడుచులను, పెంచిన మేనత్తలను వరుసగా చెప్పసాగిరి. కోరంగిలో పోయిన ఆమె పేరు వారి యింట ఇరువురు మనుమరాండ్రకు పెట్టిరట. నా యొద్ద కాగితము చాలలేదు. మా అమ్మాయి తన సంచిలోని పంటు చీట్ల వెనుక వ్రాసికొన్నది.

చీకటి పడువేళకు మరల వశిష్ఠ దాటితిమి. ఇంటికి రాగానే మావారు పటమును దింపి, అద్దము విప్పి, తండ్రిగారి దస్తూరిని చెరపక, ప్రక్కన ఎఱ్ఱసిరాతో ఒక క్రొత్త కొమ్మను గీసిరి. అత్తగారు కన్నద్దములు పెట్టుకొని చూచి, "నా పేరెక్కడరా?" అనిరి.