అద్దెకున్నవాళ్ళకి ఇంట్లో పోయే హక్కు లేదా?

2017 సెప్టెంబర్లో హైదరాబాదు కూకట్‌పల్లిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. డెంగీతో చనిపోయిన పదేళ్ళ పిల్లాడి శవాన్ని అద్దె ఇంట్లోకి తేనివ్వలేదు ఓనరు. ఆ తల్లి రాత్రంతా వానలో రోడ్డు మీదే కొడుకు శవం పక్కన కూర్చుంది. టీవీల్లో చూసి అందరం ఆ ఓనర్ని తిట్టుకున్నాం. తిట్టుకుని, మన ఇంటి టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళని మాత్రం "పెద్దవాళ్ళెవరైనా ఉంటారా? ఆరోగ్యాలు బాగానే ఉంటాయి కదా?" అని అడుగుతూనే ఉన్నాం. (వెజ్జా, నాన్‌వెజ్జా అన్నది ఎలాగూ మొదటి ప్రశ్న. దాని సంగతి ఇంకోసారి.)

నేను ఓనర్ల వైపు మనిషినే అని ముందే చెప్పేస్తున్నా. వనస్థలిపురంలో నాన్న రిటైరయ్యాక కట్టిన ఇల్లు మాది. కింద మేం, పైన అద్దెకి. ఆ అద్దె అమ్మా నాన్నల మందులకీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది. కాబట్టి "ఓనర్లందరూ రాక్షసులు" అని ఎవరైనా అంటే నాకూ చిరాకే.

పై పోర్షన్లో ఆరేళ్ళుగా ఒక కుటుంబం ఉండేది. ఆయన స్పేర్ పార్ట్సు షాపులో లెక్కలు రాసేవాడు. ఆవిడ చీరలకి ఫాల్సు కుట్టేది. ఎనిమిదో తరగతి పాప. అద్దె 11 వేలు. నిరుడు జనవరిలో మా అక్కా బావా పూణే నుంచి వచ్చేస్తున్నాం అనడంతో, ఏప్రిల్ ఆఖరుకి ఖాళీ చెయ్యమని వాళ్ళకి చెప్పాం. మూడు నెలలు పైనే టైమిచ్చాం, వాళ్ళూ సరేనన్నారు. అంతవరకూ ఎవరి తప్పూ లేదు.

మార్చిలో ఆయన కడుపునొప్పని ఆసుపత్రికి వెళ్తే పాంక్రియాస్ క్యాన్సరన్నారు. అప్పటికే లివర్‌కి పాకింది. రెండు వారాలు తిరిగాక "ఇంక ఇంటి దగ్గరే చూసుకోండి" అని పంపేశారు.

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. ఇంటి దగ్గర చూసుకోమన్నారు సరే, ఏ ఇంటి దగ్గర? ఆవిడ ఏప్రిల్ మొదటివారం అంతా ఇళ్ళు వెతికింది. రెండు చోట్ల ఇల్లు కుదిరినట్టే కుదిరి, మంచంలో మనిషున్నాడని తెలియగానే "మా చుట్టాలొస్తున్నారమ్మా" అన్నారట. అంటే ఏప్రిల్ ఆఖరుకి ఖాళీ చెయ్యండి అని మేం అన్న మాటకి జనవరిలో ఉన్న అర్థం ఏప్రిల్లో లేదు. మాట అదే, తేదీ అదే, కానీ దానర్థం ఇప్పుడు "ఈయన ఏదో ఆసుపత్రి వరండాలో పోవాలి" అని.

ఈలోగా మా బంధువుల ఫోన్లు. ఒకళ్ళు ధనిష్టా పంచకం అన్నారు, ఇంకొకళ్ళు ఆ నక్షత్రాల్లో పోతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలన్నారు. ఒక్కో నక్షత్రానికీ ఎన్ని నెలలో లెక్క కూడా చెప్పారు. అమ్మ రోజూ పైకెళ్ళి ఆయనకి జావ ఇచ్చొచ్చేది. కిందకి దిగి నాతో "ఎలాగోలా ఈలోపే పంపించెయ్యరా" అనేది. రెండూ మనస్ఫూర్తిగానే. ఆ భయాన్ని మూఢనమ్మకం అని తీసిపారేసి, ఇంట్లో ఇంగ్లీషులో లెక్చరిస్తే లాభం లేదు. ఆర్నెల్లు ఇల్లు మూస్తే అద్దె పోతుందన్నది మూఢనమ్మకం కాదు కదా.

నేను అడిగింది ఒక్కటే. మా తాతయ్య ఇదే ఇంట్లో, కింద గదిలోనే పోయాడు. శాంతి చేయించి, పదమూడో రోజు నుంచి అదే గదిలో పడుకున్నాం. ఓనరు పోతే ఇంటి పెద్ద పోయాడంటాం, అద్దెకున్నాయన పోతే ఇంటికి కీడంటాం. చావు చావే అయినప్పుడు ఈ తేడా శాస్త్రంలో ఎక్కడుందో చెప్పమన్నాను. నాన్న నవ్వాడు, అమ్మ మాట్లాడలేదు.

చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నా. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం ఉంది కానీ, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకి 3500 దాటిన అద్దెలకి అది వర్తించదు. ఇవాళ 3500కి సిటీలో బైక్ పార్కింగ్ వస్తుందేమో :) ఇక మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలసరి అద్దెకి 15 రోజుల నోటీసు, ఖాళీ చెయ్యకపోతే కోర్టు. అందరం రాసుకునే 11 నెలల అగ్రిమెంటు కూడా ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చెయ్యాలి కాబట్టి పుట్టిందే తప్ప ఇంకేం లేదు. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా చట్టంలో మాత్రం గడువు తీరేటప్పుడు వరదో, తుపానో, అగ్నిప్రమాదమో వస్తే, అది తగ్గాక ఇంకో నెల ఉండనివ్వాలని రాశారు. ఊరంతా మునిగితే నెల టైముంది, ఒక్క ఇల్లు మునిగితే లేదు. మా భాషలో చెప్పాలంటే ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ లేని ప్రోగ్రామన్నమాట.

కాబట్టి మనుషులే చూసుకోవాలి. ఆవిడతో మాట్లాడటానికి నేనూ నాన్నా పైకెళ్ళాం. నాన్న మొహమాటంగా "చూద్దాంలేమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆవిడ ఏమందో తెలుసా?

"అట్ల అనకండి అంకుల్. ఏదో ఒక తారీకు చెప్పండి. రోజూ మెట్ల మీద చప్పుడైతే మీరు అడగడానికొస్తున్నారేమో అని భయమైతుంది."

మంచితనం అనుకుని మనం చెప్పే "చూద్దాంలే" అవతలివాళ్ళకి ఎంత నరకమో నాకు అప్పటిదాకా తట్టలేదు. అప్పటికప్పుడు తెల్లకాగితం మీద రాశాం. జూలై 31 దాకా ఉండొచ్చు. ఆ మూడు నెలలూ అద్దె 5 వేలు, మిగతాది మాఫీ, బాకీ కాదు. అడ్వాన్సులోంచి పైసా తియ్యం, ఎందుకంటే కొత్త ఇంటికి ఇవ్వాల్సింది అదే. ఇంకో మాట కూడా రాయించాను: ఏం జరిగినా ఈ ఇంట్లోనే, ఇంట్లోంచే. అమ్మ ఆ లైను చదివి కాగితం పక్కన పెట్టింది. తర్వాత తీసి సంతకం తనే పెట్టింది, ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది మరి.

ఖర్చు సంగతి దాచను. మాఫీ 18 వేలు, అక్కా వాళ్ళు మూడు నెలలకి వేరే ఫ్లాటు తీసుకుంటే 42 వేలు. మొత్తం 60 వేలు. బావ ఇప్పటికీ దెప్పుతాడు, ఆయన బాధలో అన్యాయం లేదు. రెండు జీతాలున్న ఇల్లు కాబట్టి మాకు కుదిరింది. అద్దె మీదే బతికే ఒంటరి ముసలావిడని ఇదే చెయ్యమని నేను అడగలేను. 2020 ఏప్రిల్లో కరోనా అప్పుడు తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల అద్దె వాయిదా వెయ్యమని ఓనర్లకి చెప్పింది. మంచిదే, కానీ ఆ భారం మొత్తం ఓనరు నెత్తిన పెట్టి ఊరుకుంది. మాఫీ చేసిన నెలలకి ఇంటిపన్నులో కొంత తగ్గించినా చాలామంది ఓనర్లు మెత్తబడతారని నా అనుమానం.

ఆయన జూన్లో పోయాడు, తెల్లవారుజామున, పైనే. వాకిట్లో టెంటు వేయించింది అమ్మే. నక్షత్రం చూపించిందా అంటే చూపించింది, దోషం లేదన్నారు పంతులుగారు. ఉంటే ఏం చేసేవాళ్ళమని నన్నడక్కండి.

ఆవిడ కాగితంలో రాసినట్టే జూలైలో ఖాళీ చేసింది. హయత్‌నగర్ వైపు వాళ్ళ తమ్ముడి ఇంటి దగ్గర సింగిల్ రూమ్ దొరికింది. వెళ్ళేముందు అమ్మని ఒక్కటే అడిగింది, "ఆంటీ, కొత్త ఓనరు ఫోన్ చేస్తే ఆయన ఇంట్లోనే పోయిండని చెప్పకండి" అని. ఆ వారంలోనే ఫోనొచ్చింది. అమ్మే ఎత్తి, "ఆరేళ్ళున్నారండీ, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చెయ్యలేదు" అని చెప్పి పెట్టేసింది.