తాతయ్య కాగితాలు

ఉద్దానం అనే మాట ఉద్యానవనం నుండి పుట్టినదని మా ప్రాంతపు పెద్దలు చెబుతారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య నడిచినవారికి ఆ మాట నిజమేననిపిస్తుంది. కాని ఆ పచ్చదనం నీడలోనే రెండు కష్టాలు కాపురముంటున్నవి. ఒకటి సముద్రం మీదుగా వచ్చే గాలి. రెండవది మూత్రపిండాల వ్యాధి. దాని మూలకారణమేమిటో పరిశోధకులు ఈనాటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. ఆ రెండు కష్టాలూ మా తాతయ్య ఇంటిలో ఒకనాడు కలుసుకున్నవి. ఆ కారణంగా మేము ఒక చిన్న యంత్రాన్ని నిలబెట్టుకున్న కథను పాఠకులకు విన్నవించుకుంటున్నాము.

మేము అన్నాచెల్లెళ్ళం. మా ఇల్లు పలాసలో. అమ్మ పుట్టిల్లు వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉన్నది. తాతయ్య చాలాకాలంగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒక రేకు పెట్టెలో భద్రపరచేవారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినది. తోటలు వరుసలకు వరుసలు నేలకొరిగినవి. తాతయ్య ఇంటి పైకప్పు లేచిపోయినది. పెట్టె దొరికినది గాని, అందులోని కాగితాలు తడిసి ముద్దయినవి.

కొన్నాళ్ళకు విశాఖపట్నంలో ఒక వైద్యుడు, "పాత పరీక్షల కాగితాలు ఉన్నాయా?" అని అడిగారు. తాతయ్య తల వంచుకున్నారు. ఈ వ్యాధి తొలిదశలో పైకి కనిపించదు. రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థం ఎంత ఉన్నదో చూసి మూత్రపిండాల శక్తిని అంచనా వేస్తారు. ఒక్కనాటి అంకె కంటె, కొన్ని సంవత్సరాల అంకెల వరుస వైద్యునికి ఎక్కువ చెబుతుంది. వ్యాధి మెల్లగా నడుస్తున్నదా, పరుగెడుతున్నదా అని తెలిసేది ఆ వరుసలోనే. ఆ వరుసనే గాలి తీసుకుపోయినది.

మిగిలిన కాగితాలను, కొత్తగా వచ్చినవాటిని అమ్మ ఫోనులో ఫొటోలు తీసి ఉంచాము. ఏడాది తిరగకుండానే ఆ ఫోను రైలులో పోయినది. అప్పుడు మేము, "తాతయ్యా, క్లౌడులో పెడదాం" అన్నాము. క్లౌడు అంటే ఆకాశంలోని మబ్బు కాదు, ఎక్కడో దూరాన మరొకరి కంప్యూటరు అని వివరించాము. ఆయన శ్రద్ధగా విని, "నా కాగితాలు ఎవలింట్లో ఉంటాయో నాకు తెలియాలి గదేటిరా? ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లుంది" అన్నారు. ఉద్దానంలో ఆ మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటిలోని జబ్బు బయట పొక్కితే సంబంధాలు వెనుకకు పోతాయని ఆయన భయం. పెద్ద సంస్థలు మన దస్తావేజులను జాగ్రత్తగానే దాచవచ్చు. కాని తన జబ్బు సంగతి ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే హక్కు రోగిదే కదా అని మాకు తోచినది.

2022 వేసవి సెలవులలో మేము రాస్ప్‌బెర్రీ పై 4 అనే కంప్యూటరును కొన్నాము. ఒకే పలకపై కంప్యూటరు భాగాలన్నీ ఇమిడి ఉన్న యంత్రమది. పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పాలనే ఆశయంతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మొదలైన ఈ యంత్రాల తొలి నమూనా 2012లో వెలువడినది. దానిని చూసి తాతయ్య, "ఏటిరా ఇది, పేకముక్కల పెట్టంత ఉంది, ఇందులో నా కాగితాలన్నీ పడతాయా?" అని నవ్వారు.

పడతాయి గాని, ఆ పలక మీద కాదు. మైక్రో ఎస్.డి. కార్డు మీద లైనక్స్ వ్యవస్థను ఎక్కించాము. దానిపై నెక్స్ట్‌క్లౌడ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిలిపాము. 2016లో ప్రారంభమైన ఈ సాఫ్ట్‌వేరును ఎవరైనా తమ ఇంటి యంత్రంలో ఉచితంగా వాడుకోవచ్చు. కాగితాల బొమ్మలను మాత్రం విడిగా ఒక హార్డు డిస్కులో ఉంచాము. ఇంటిలో ఎవరు ఫోనుతో ఫొటో తీసినా అది తనంతట తానే ఆ డిస్కుకు చేరుతుంది. యంత్రం, డిస్కు కలిసి పగలూ రాత్రీ నడిచినా నెలకు ఏడెనిమిది యూనిట్ల విద్యుత్తు కంటె ఎక్కువ కాదు.

చెప్పినంత సులభంగా ఈ పని జరగలేదు. తొలి వారంలో డిస్కు మాటిమాటికీ మాయమయ్యేది. ఆ చిన్న పలక ఇచ్చే విద్యుత్తు డిస్కుకు చాలడం లేదని గ్రహించి, సొంత విద్యుత్తు గల హబ్బును మధ్యలో పెట్టాము. తరువాత, ఇంటిలో పనిచేసిన యంత్రం వీధి దాటితే పలకలేదు. మా ఇంటర్నెట్టులో అనేక ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఉండడమే అందుకు కారణం. ఉత్తరం వీధి వరకు వస్తుంది గాని, ఏ గడపకో తెలియదు. టెయిల్‌స్కేల్ అనే సాధనంతో మా ఫోనులకు, యంత్రానికి మధ్య గుప్తమైన దారి వేసుకున్నాము. దారి చూపడానికి ఒక బయటి సంస్థ తోడ్పడుతుంది గాని, ఆ దారిన పోయే కాగితాన్ని చదవలేదు. ఈ సంగతి తాతయ్యకు దాచకుండా చెప్పిన తరువాతనే ఆయన సమ్మతి తీసుకున్నాము.

మూడు నెలలు గర్వంగా గడిచినవి. ఒక సాయంకాలం కరెంటు పోయి వచ్చిన తరువాత యంత్రం మేలుకోలేదు. వ్రాస్తున్న సమయంలో విద్యుత్తు ఆగిపోవడం వలన కార్డు పాడైనది. ఎవరి ఖాతా యేది, ఎవరు ఎవరికి యేమి చూపవచ్చు అనే పట్టిక అంతా ఆ కార్డులోనే ఉన్నది, అది పోయినది. డిస్కు విడిగా ఉండుట చేత కాగితాలు దక్కినవి. రెండు రాత్రులు మేలుకొని మళ్ళీ నిర్మించాము. యంత్రానికి, రౌటరుకు ఒక చిన్న బ్యాటరీ తోడు పెట్టాము.

ఈ కథ విని తాతయ్య ఒకే ప్రశ్న వేశారు. "మళ్ళీ గాలొస్తే? పలాసకి గాలి రాదేటి?"

మా వద్ద సమాధానం లేదు. రేకు పెట్టె స్థానంలో మేము పెట్టినది మరొక పెట్టె మాత్రమే. అదీ ఒకే కప్పు క్రింద ఉన్నది. అప్పుడు టెక్కలిలోని మా పిన్ని ఇంటిలో రెండవ డిస్కును ఉంచాము. ప్రతి రాత్రీ పలాస నుండి అక్కడికి నకలు వెళుతుంది. తాళంచెవి వంటి సంకేతపదం లేనిదే ఆ నకలును ఎవరూ తెరువలేరు. ఆ సంకేతపదాన్ని కాగితం మీద వ్రాసి అమ్మ బీరువాలో ఒకటి, పిన్ని బీరువాలో ఒకటి ఉంచాము. నెలకొకసారి టెక్కలి నకలు నుండి ఒక కాగితాన్ని వెనుకకు తెచ్చి, తెరిచి చూస్తాము. తెరిచి చూడని నకలు ఉన్నదనుకోవడం, తడిసిన పెట్టెను నమ్ముకోవడంతో సమానం.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి. విశాఖ వరకు పోవలసిన వ్యథ మా ప్రాంతంలో కొంత తగ్గినది. ఆ తరువాత ఒకనాడు మరొక వైద్యుడు తాతయ్యను పాత ప్రశ్ననే అడిగారు. చెల్లెలు ఫోను తెరిచి, దక్కిన కాగితాలన్నిటినీ తేదీల వారీగా చూపినది. ఆయన ఒక్కొక్క అంకెను చదివి, ఆ తరువాతనే మందుల చీటీ వ్రాశారు. యంత్రం తాతయ్య వ్యాధిని నయం చేయలేదు, చేయజాలదు కూడా. కాని ఆ రోజు ఆయన తల వంచుకోలేదు.

ఇప్పుడు ఇరుగుపొరుగు రెండు కుటుంబాల కాగితాలు కూడా మా వద్ద ఉన్నవి. ఎవరి ఖాతా వారిది. అయితే యంత్రాన్ని నడిపేవాడు తలచుకుంటే చూడగలడని, మేము చూడబోమని మాట ఇస్తున్నామని ముందే చెప్పాము. ఇంతవరకు మేము మోసిన బరువులలో అన్నిటికంటె పెద్దది ఆ మాటే.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటిలోనూ ఒక రేకు పెట్టె ఉండి ఉంటుంది. పట్టాదారు పాసు పుస్తకమో, తాతల నాటి ఉత్తరమో, పరీక్షల కాగితమో అందులో మడతలు పడి ఉంటుంది. యంత్రం కొనగలిగినా కొనలేకపోయినా, ఈ సెలవులలో ఆ పెట్టె తెరవండి. నకలు తీసి, గాలి ఒకేసారి చేరలేని మరొక ఇంటిలో ఉంచండి. అంతకు ముందు, ఆ కాగితం ఎవరిదో వారిని అడగండి.