గ్రీన్‌బ్యాంక్ – రేడియోలు మూగబోయిన లోయ

అమెరికా రాజధాని వాషింగ్టన్ నుంచి కారులో నాలుగు గంటలకు పైగా ప్రయాణిస్తే అలెగెనీ కొండల నడుమ గ్రీన్‌బ్యాంక్ అనే చిన్న ఊరు వస్తుంది. పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోని పోకహాంటస్ కౌంటీలో ఉంది. కొండలెక్కుతుండగానే మా అల్లుడి సెల్‌ఫోన్లో సిగ్నల్ పోయింది. "ఇక సాయంత్రం దాకా మనల్నెవరూ పిలవలేరు మామయ్యగారూ" అన్నాడు నవ్వుతూ.

ఈ నిశ్శబ్దం ప్రకృతి ఇచ్చింది కాదు, ప్రభుత్వం పెట్టింది. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలు అతి బలహీనమైనవి. మన ప్రసారాల రొదలో అవి వినబడవు. అందుకని 1958లో ఈ చుట్టుపక్కల సుమారు 13,000 చదరపు మైళ్ళను 'రేడియో నిశ్శబ్ద మండలం'గా ప్రకటించారు. ఊటీలోని రేడియో టెలిస్కోపునూ, పూణె జిల్లా ఖోడద్ దగ్గరి భారీ యాంటెన్నాలనూ చూసిన మన పాఠకులకు ఈ అవసరం సులువుగానే అర్థమవుతుంది.

ఇక్కడి పెద్ద టెలిస్కోపు 2000లో పూర్తయింది. దాని పళ్ళెం 100 మీటర్ల వెడల్పు, 110 మీటర్ల పొడవు. పచ్చిక బయలు మధ్య తెల్లటి గోపురంలా నిలబడి ఉంటుంది. దాని దగ్గరికి డీజిల్ బండ్లే వెళ్ళాలి. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు వేసే నిప్పురవ్వ కూడా ఆ టెలిస్కోపుకు పెద్ద చప్పుడేనట!

శాస్త్రజ్ఞుల కోసం ఏర్పడిన ఈ చోటికి తర్వాతి కాలంలో మరో రకం మనుషులు వలస వచ్చారు. సెల్‌ఫోన్లు, వైఫై, కరెంటు తీగల వల్ల తమకు తలనొప్పి, చర్మం మంట, గుండెదడ, నిద్రలేమి వస్తున్నాయని చెప్పేవారు. అక్కడి కొట్లో ఒక పెద్దావిడ పలకరించింది. మా అల్లుడి చేతిలోని ఫోను చూసి, "దయచేసి పూర్తిగా ఆపుతారా? సిగ్నల్ లేకపోయినా అది వెతుకుతూనే ఉంటుంది" అంది. ఆ మాట నిజమే. అల్లుడు వెంటనే ఆపేశాడు. ఉన్న ఊరూ అయినవాళ్ళూ వదిలి వచ్చానని, ఇక్కడికొచ్చాకే కంటినిండా నిద్ర పట్టిందని చెప్పింది.

మరి శాస్త్రం ఏమంటోంది? బాధలు నిజమైనవే, కానీ వాటికి విద్యుదయస్కాంత క్షేత్రాలే కారణమనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. పరికరం నడుస్తోందో ఆగి ఉందో పరీక్షించేవారికీ పరీక్షకు కూర్చున్నవారికీ తెలియకుండా చేసిన 46 ప్రయోగాలను 2010లో ఒక సమీక్ష పరిశీలించింది. మొత్తం 1,175 మంది పాల్గొన్నారు. తరంగాల వల్లనే బాధ కలుగుతోందని గట్టిగా తేలలేదు. తరంగాలు లేనప్పుడు కూడా, ఉన్నాయేమోనన్న భయంతోనే కొందరికి నొప్పి వచ్చింది. పైగా గ్రీన్‌బ్యాంక్‌లోనే చాలా ఇళ్ళకు వైఫై చేరిపోయిందని ఆ ఊరిపై 2021లో పుస్తకం రాసిన ఒక పాత్రికేయుడు గమనించాడు.

అయితే ఆవిడకు పట్టిన నిద్ర అబద్ధమా? కాదు. కొండగాలి, హడావిడి లేని జీవితం, తన మాట కొట్టిపారేయని ఇరుగుపొరుగు – ఇవీ మనిషికి నెమ్మదినిస్తాయి కదా!

మన ఇళ్ళల్లోనూ మేడమీది సెల్ టవరును చూసి భయపడే పెద్దలున్నారు. వారిని "అంతా నీ భ్రమ" అని కసురుకుంటే ఆ బాధ రెట్టింపవుతుంది. అలాగని నెపమంతా టవరు మీద వేసి ఊరుకుంటే, లోపలున్న రక్తహీనతో థైరాయిడ్ జబ్బో బయటపడకుండా ముదురుతుంది. ముందు వైద్యుడికి చూపించాలి. ఇంట్లో వెలుతురు, శబ్దం, గాలి ఎలా ఉన్నాయో గమనించాలి. మనసులోని దిగులు కూడా అడిగి తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా దాదాపు ఇదే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేవారు వీలుంటే గ్రీన్‌బ్యాంక్‌కు ఒక రోజు కేటాయించండి. దారి పటం కాగితం మీద ఉంచుకోండి. అక్కడెవరైనా ఫోను ఆపమని అడిగితే వాదన పెట్టుకోకుండా ఆపేయండి. మనకు పోయేదేమీ లేదు.