కారునకు గోళ్లరంగు

ఏబదియవ యేట కారు నడుప నేర్చితిమని చెప్పగా మా చెలులు కొందఱు నవ్విరి. నేర్చిన మూడవ నెలలోనే మా వాకిటి గోడమూల కారు తలుపును గీరినపుడు మాకు మాత్రము నవ్వు రాలేదు. గీత జానెడుకు మించలేదు గాని, దాని నడుమ మినపగింజంత మేర రంగు పెచ్చు లేచి, లోని యినుము కనబడుచుండెను. ఆ దినమున మావారు ఊర లేరు. కారు వెండిఛాయది, మా అమ్మాయి పెట్టెలో వెండిఛాయ గోళ్లరంగు సీసా యొకటి కలదు. ఇంతకంటె చెప్పనేల?

అది బొత్తిగా వెఱ్ఱిపని కాదని తరువాత చదివి కొంత యూరడిల్లితిమి. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు డ్యూకో యను త్వరగా ఆఱెడి రంగును తెచ్చిరి. అంతకు మునుపు కారు రంగు ఆఱుటకు వారములు పట్టెడిదట. ఆ డ్యూకోలోని నైట్రోసెల్యులోజే నేటికిని గోళ్లరంగులలో నున్నది. చుట్టఱికము నిజమే; ఉపకారము మాత్రము లేదు.

మాది విశాఖపట్టణము. సముద్రపుగాలిలోని ఉప్పు ఇనుమును ఊరకుండనీయదు. వానకాలము వచ్చునప్పటికి మా చుక్క అప్పడమువలె ఉబ్బినది. గోటితో తాకగానే ఊడి, క్రింద ఎఱ్ఱని త్రుప్పు కనబడెను. మినపగింజ శనగగింజయైనది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గీత పడుట యొక తప్పైన, నాలుగు నెలలు దానిని కప్పియుంచుట వేఱొక తప్పు. మఱునాడు కాఫీవేళ చెప్పివేసితిమి. మావారు కోపపడలేదు; "నాతో చెప్పుటకే భయపడితివా?" అని మాత్ర మడిగిరి. కోపపడినను బాగుండెడిది.

మరమ్మతుశాలవారు తలుపంతయు రంగు వేయవలెననిరి. వారు చెప్పిన వెల విని, మేమే సరిదిద్దుదుమని ఇంటికి వచ్చితిమి.

కారు రంగు ఒక్క పొర కాదు. రేకుపై త్రుప్పు నాపు పూత, దానిపై ప్రైమరు, ఆపై రంగు, అన్నిటికి మీద గాజువంటి స్వచ్ఛమైన పూత. అన్నియు చేరి మిల్లీమీటరులో ఎనిమిదవ వంతునకు అటునిటుగా నుండును. రంగు సంఖ్య తలుపు చట్రముమీద గాని, బానెట్టు క్రింద గాని చీటీపై నుండును. అది చెప్పి తెప్పించిన సీసాకు మూతలోనే కుంచె యున్నది. అచ్చముగ గోళ్లరంగు సీసాయే!

వాన లేని యుదయమున నీడపట్టున కూర్చుంటిమి. సబ్బునీట కడిగి ఆర్చి, ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో జిడ్డు తుడిచితిమి. సన్నని ఉప్పుకాగితపు తునకను పెన్సిలు కొనకు అంటించి త్రుప్పును రుద్దుటకే గంట పట్టినది. ఇచట తొందరపడరాదు; ఎఱుపు రవ్వంత మిగిలినను పైపూతలన్నియు వ్యర్థము. తరువాత పలుచగా ప్రైమరు. అది ఆఱినపిదప కుంచె విడిచి, పండ్లపుల్ల కొనతో రంగు చుక్కలు పెట్టితిమి. ఆత్రముతో ఒకేసారి నింపగా బొడిపె లేచెను. తుడిచివేసి, మరల పలుచని పూతలు మూడు, నడుమ నడుమ ఆఱనిచ్చుచు వేసితిమి. పైన స్వచ్ఛపుపూత. వారము దినములు ముట్టక, పిదప 2000 నంబరు కాగితమును నీట తడిపి, మెల్లగా రుద్ది, మెఱుగు పెట్టితిమి.

వెండిఛాయలో అల్యూమినియపు రేకుపొడి యుండును. అది యంత్రముతో చిమ్మినపుడు ఒకవిధముగను, చేతితో అద్దినపుడు వేఱొకవిధముగను పఱచుకొనును. కావున మచ్చ దగ్గఱ నుండి చూచిన తెలియును. ఎఱుపువంటి సాదారంగు కారులుగల సోదరీమణులు అదృష్టవంతులు.

"తెలియుచున్నది సుమా!" అనిరి మావారు, అద్దములు సవరించుకొని. తెలియునని మేమును ఒప్పుకొంటిమి. మఱియొక వానకాలము గడచినది, అది ఉబ్బలేదు.

మొన్న ఆదివారము వారు ఆ సీసా యెక్కడనున్నదని అడిగిరి. ఏల యనగా, డిక్కీ మూతపై తాము మూడేండ్లక్రిందట అంటించిన వేంకటేశ్వరస్వామివారి బొమ్మవంక చూచి, "దాని క్రింద నొకటి యున్నది" అని మెల్లగా పలికిరి.

సీసాలో రంగు సగము మిగిలియున్నది. ఉప్పుకాగితము మాత్రము క్రొత్తది తేవలెను.